బెరడు మీద రాసిన హక్కు

ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఆర్నెమ్ ల్యాండ్ ఉంది. దాని ఈశాన్య మూలన, సముద్రపు ఒడ్డున యిర్కల అనే చిన్న ఊరు. 1963 మార్చిలో ప్రధాని మెంజీస్ ప్రభుత్వం అక్కడి యోల్ంగు ఆదివాసుల రిజర్వు భూమిలోంచి 300 చదరపు కిలోమీటర్లకు పైగా విడదీసి, బాక్సైట్ తవ్వకాలకు కేటాయించింది. తరతరాలుగా ఆ నేల మీద బతుకుతున్నవాళ్లను ఒక్క మాట అడగలేదు.

యోల్ంగులు బొమ్మ గీసి జవాబు చెప్పారు.

నిజానికి ఆ జవాబుకు పునాది అంతకుముందే పడింది. ఊళ్లోని క్రైస్తవ మిషన్ చర్చి కోసం ఊరి పెద్దలు 1962-63లో రెండు పెద్ద పలకల మీద చిత్రాలు గీశారు. ఒక్కోటి దాదాపు పన్నెండు అడుగుల ఎత్తు. యోల్ంగుల లోకంలో మనిషి, వంశం, చెట్టు, చేప, నీటి చెలమ అన్నీ ధువా, యిరిచా అనే రెండు పాయల్లో ఏదో ఒకదానికి చెందుతాయి. పెళ్లి కూడా ఒక పాయవాళ్లు రెండో పాయవాళ్లనే చేసుకోవాలి. ఒక పలకను ఎనిమిది మంది ధువా పెద్దలు గీస్తే, రెండోదాన్ని ఎనిమిది మంది యిరిచా పెద్దలు గీశారు. మవలన్ మరికా, ముంగురావుయ్ యునుపింగు, నరిచిన్ మయ్‌మురు వంటి గొప్ప చిత్రకారులు వాళ్లలో ఉన్నారు. జేగురు, పసుపు మట్టి, తెల్ల సుద్ద, నలుపు, వీటితోనే పని. జుట్టు వెంట్రుకల కుంచెతో ఒక గీత మీద ఇంకో గీత అడ్డంగా అల్లుకుంటూ పోతారు.

ఆ అల్లికలు ఎవరు పడితే వాళ్లు గీసేవి కావు. ఒక్కో వంశానికి తనదైన నమూనా ఉంటుంది. దాని వెనక ఆ వంశపు నేల, ఆ నేలను తీర్చిదిద్దిన పూర్వీకుల కథ, ఆ కథ చెప్పే పాట, ఆ పాటలో పలికే ఊళ్ల పేర్లు ఉంటాయి. మన దగ్గర భూమి ఎవరిదో తేలాలంటే పాత దస్తావేజు బయటికి తీస్తాం. యోల్ంగులకు ఆ గీతలే దస్తావేజు. కాబట్టి వాళ్లు కలిసి గీయడమంటే ఎవరి నేల వారు గీసి, పక్కవారి నేలకు సాక్షిగా నిలబడటం. సామూహిక కళకు ఇంతకన్నా బరువైన అర్థం నాకు మరెక్కడా కనబడలేదు.

1963 జూలైలో యిర్కల వచ్చిన కిమ్ బీజ్లీ అనే లేబర్ పార్టీ ఎంపీ ఈ పలకలు చూసి, పార్లమెంటుకు అర్జీ కూడా ఇలాగే పంపండని సలహా ఇచ్చాడు. గుమాచ్ భాషలోనూ ఇంగ్లిషులోనూ టైపు చేసిన కాగితాన్ని యూకలిప్టస్ జాతి చెట్టు బెరడుకు అతికించి, చుట్టూ తమ నేల బొమ్మలతో అంచు కట్టారు. ఆగస్టు 14న అది పార్లమెంటుకు చేరింది. సంతకాలు చేసినవాళ్లు ఊరందరి తరఫున మాట్లాడగలరా అని మంత్రి పాల్ హాస్లక్ అనుమానం లేవనెత్తాడు. రెండు వారాలకే, 28న, వేలిముద్రలతో రెండో అర్జీ వెళ్లింది. పార్లమెంటు ఒక సంఘాన్ని వేసింది. పవిత్ర స్థలాలను కాపాడాలని, పరిహారం ఇవ్వాలని ఆ సంఘం సిఫారసు చేసింది. తవ్వకాలు మాత్రం ఆగలేదు.

బాక్సైట్ అనగానే తెలుగువాళ్లకు విశాఖ మన్యం గుర్తుకు రాకమానదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని 1997లో సమతా కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది. యిర్కలవాళ్లకు అలాంటి అండ దొరకలేదు. వాళ్లు కోర్టుకెక్కితే 1971లో జడ్జి బ్లాక్‌బర్న్, వీళ్లకు కట్టుదిట్టమైన చట్ట వ్యవస్థ ఉందని ఒప్పుకుంటూనే, అది భూమి మీద ఆస్తి హక్కు కాదన్నాడు. ఆ తీర్పు రేపిన కలకలం నుంచే నార్తర్న్ టెరిటరీలో 1976 నాటి ఆదివాసీ భూహక్కుల చట్టం పుట్టింది.

ఇంత చరిత్రకు మూలమైన ఆ పలకలను 1974లో చర్చి బయట పడేసింది. తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. నాలుగేళ్ల తర్వాత ఊరి కళాకేంద్రం వాటిని దక్కించుకుంది. నేడు బుకు-లార్ంగై ముల్కా కేంద్రంలో అవి భద్రంగా ఉన్నాయి.

ఆ సంప్రదాయం అక్కడితో ఆగలేదు. 1996లో యోల్ంగుల నేల మీద దొంగచాటు చేపల వేటగాళ్ల మకాంలో తెగిన మొసలి తల ఒకటి దొరికింది. ఆ చోటు మొసలి పూర్వీకుడి పవిత్ర స్థలం. జంబవా మరవిలి చొరవతో 47 మంది కళాకారులు 80 బెరడు చిత్రాలు గీసి, సముద్రం కూడా తమ చట్టం కిందే ఉందని చూపారు. ఆదివాసీ భూముల ఒడ్డున ఆటుపోట్ల నీటి మీద కూడా వాళ్లదే హక్కని 2008లో బ్లూ మడ్ బే కేసులో ఆస్ట్రేలియా హైకోర్టు తేల్చింది. ఆ దేశంలో అత్యున్నత న్యాయస్థానం అదే.

మరి 1963లో పోయిన నేల సంగతి? ఆనాటి అర్జీ పనిలో తండ్రి ముంగురావుయ్‌కి సాయపడిన కుర్రవాడు గలర్వుయ్ యునుపింగు పెద్దవాడై, గుమాచ్ వంశం తరఫున పరిహారం కోసం దావా వేశాడు. ఆదివాసుల సంప్రదాయ భూహక్కును ప్రభుత్వం రద్దు చేస్తే రాజ్యాంగం ప్రకారం న్యాయమైన పరిహారం చెల్లించాల్సిందేనని 2025 మార్చి 12న హైకోర్టు ప్రకటించింది. అప్పటికి గలర్వుయ్ కన్నుమూసి రెండేళ్లు కావస్తోంది.