సకుటుంబ సముద్రయానము: ఓడ నెన్నుకొనుట

భీవండి యనగానే నేడు ఎవరికైనను మరమగ్గముల చప్పుడే జ్ఞప్తికి వచ్చును. కాని ఈ ప్రాంతమునకు ఓడలతో పూర్వపు చుట్టరికము కలదు. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికగ్రంథమగు ‘పెరిప్లస్’ మన పొరుగుననున్న కల్యాణమును ‘కల్లియేనా’ యని పేర్కొని, సరగనస్ అను రాజు కాలమున అది వర్తకపు రేవుగా నుండెనని చెప్పినది. ఆ రాజు శాతవాహనుడని చరిత్రకారుల తలంపు. 1657లో శివాజీ మహారాజు కల్యాణ భీవండులను వశపరచుకొని, పిమ్మట ఈ ఖాడీలోనే నౌకానిర్మాణమునకు పూనుకొనెను. మన పద్మనగరపు నేతకుటుంబములలో పెక్కు తెలంగాణమునుండి నేలమార్గమున వచ్చినవే. అయినను, ఆలుబిడ్డలతో సముద్రము దాటువాడు ఎట్టి ఓడ నెన్నుకొనవలెనను ప్రశ్న తెలుగుజాతికి క్రొత్తది కాదు. ఆ ప్రశ్నకు మన చరిత్ర ఏమి బదులు చెప్పుచున్నదో చూతము.

ఓడను పనినిబట్టి ఎన్నుకొనవలెనని మన పూర్వులు ఎరుగుదురు. తూర్పుతీరమున మూడు తెగల ఓడలున్నట్లు పెరిప్లస్ తెలుపుచున్నది: తీరము వెంబడి తిరుగునవి, పెద్ద దుంగలను జతకట్టిన ‘సంగర’లు, గంగాతీరమునకును సువర్ణభూమికిని పోవు ‘కొలాండియా’ అను మహానౌకలు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై కనబడు ఓడకు రెండు కొయ్యలు, అనగా తెరచాపల స్తంభములు, కలవు. ఒక రాజు తన నాణెముపై ఓడను ముద్రించెనన్నచో, ఆ రాజ్యమునకు సముద్రమువలన ఎంత సంపద చేకూరెనో ఊహింపవచ్చును.

ఇటీవలి శతాబ్దములలోను ఈ వివేచన నిలిచియున్నది. మసూలా పడవకు మేకులుండవు. పలకలను కొబ్బరినారతో కుట్టుదురు. అలల తాకిడికి అది విరుగక వంగును. కావున రేవు లేనిచోట ఓడనుండి ఒడ్డునకు మనుష్యులను చేర్చుటకు దానిని మించినది లేదు. కాని నడిసముద్రపు ప్రయాణమునకు అది పనికిరాదు. గోదావరి ముఖమున కోరంగి, తల్లారేవు వడ్రంగులు కట్టిన దోనీల అడుగు చదునైనది. ఇసుకమేటలను దాటుటకు అది అనుకూలమే గాని ప్రక్కగాలికి త్రోవ తప్పి జరుగును. లోతైన అడుగు, తగినంత బరువు, మంచినీటి పీపాలకు చోటు, పిల్లలకు ఎండవానలనుండి మరుగు, వీనిలో ఏది కొరవడినను దూరయానమునకు కుటుంబము నెక్కింపరాదు.

ఓడ మంచిదైనంతమాత్రమున చాలదు. చేరు రేవున న్యాయముండవలెను. తుపానువలన ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సొత్తును పూర్వరాజులు బలవంతముగా లాగికొనుచుండిరి. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి యందు అభయశాసనము వ్రాయించి, నిర్ణీత సుంకముతప్ప మరేమియు గ్రహింపమని నావికులకు మాట యిచ్చెను. ఓడ నెన్నుకొనువాడు రేవునుకూడ ఎన్నుకొనుచున్నాడని దీనివలన తెలియుచున్నది.

ఋతువు మరియొక విచారణీయాంశము. 1839 నవంబరు తుపానున కోరంగి ఉప్పెనపాలయ్యెను. కాలక్రమమున ఆ రేవు పూడిపోగా కాకినాడ పెరిగినది. పొగయోడలు వచ్చినపిమ్మట కాకినాడ-రంగూను ప్రయాణము కొద్దిదినముల పనియైనది. వేలకొలది తెలుగు కూలీలు ఓడల పైతట్టుపై కూర్చుండి బర్మాకు పోయిరి. కోరంగి పేరుమీదుగా వారిని అచ్చట ‘కోరంగీలు’ అనిరి. కాని వారిలో స్త్రీల సంఖ్య అత్యల్పము. ఓడ త్వరగా పోవుచు త్వరగా తెచ్చుచుండుటచే, ఇల్లు వెంట తీసికొని పోవలెనను తలంపు పెక్కుమందికి కలుగలేదు.

ఎన్నుకొను స్వాతంత్ర్యమే లేనివారు మరికొందరు. వారు ఒడంబడిక కూలీలు. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అను ఓడ మద్రాసునుండి 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బను చేరినది. అందు స్త్రీలును పిల్లలును కలరు. ఇట్టి ఓడలలో ఒంటరి పురుషులను ముందుభాగమునను, ఒంటరి స్త్రీలను వెనుకభాగమునను, కుటుంబములను నడుమను ఉంచుట ఆచారము. ఓడ నడుమభాగమున ఊపు తక్కువ. నూరుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలైనను ఉండవలెనని పిమ్మట నియమము ఏర్పడినది. కాని నావికుడు సమర్థుడా, మార్గము క్షేమమా యని అడుగు హక్కు వారికి లేదు. కలకత్తానుండి కూలీలతో ఫిజీకి పోయిన ‘సిరియా’ 1884 మే 11న అచ్చటి పగడపుదిబ్బపై చిక్కి పగిలి, 59 మంది మరణించిరి.

జమాఖర్చులు వ్రాయుటయందే ఉద్యోగకాలము గడపిన మాకు ఇచ్చట ఒక వింతలెక్క కనబడుచున్నది. తమంత తాము ఓడ యెక్కి రంగూను పోయినవారు కూలి సంపాదించిరి గాని, పెక్కుమంది ఊరు కట్టుకొనలేదు. 1930 మే నెలలో రంగూను రేవున అల్లరులు చెలరేగి తెలుగు కూలీలు హతులైరి. 1941 డిసెంబరులో జపానువారు ఆ నగరముపై బాంబులు వేయగా, ఓడలలో చోటు దొరకనివారు కొండలు అడవులు నడచి స్వదేశమునకు మరలిరి. దారిలో రాలినవారు ఎందరో. నిర్బంధముతో పోయినవారితో ఆడవారును పోయిరి. ఎన్ని కష్టములు పడినను మారిషసులో, దక్షిణాఫ్రికాలో తెలుగు ఇండ్లు నిలిచినవి. దక్షిణాఫ్రికాలో 1931లోనే ఆంధ్రమహాసభ వెలసినది. మారిషసులో ఉగాది నేడు ప్రభుత్వపు సెలవుదినము. ఆ నిర్బంధమును మేము మెచ్చుట లేదు. ఇల్లాలు ఎక్కని ఓడ జీతమును తెచ్చును గాని భాషను మోయజాలదని మాత్రమే మా మనవి.

నేడు తెలుగు ఆడపడుచులు ఓడ యెక్కుటయే కాదు, నడుపుచున్నారు. 2017 సెప్టెంబరు 10న గోవానుండి బయలుదేరిన మన నౌకాదళపు ‘తారిణి’ తెరచాపలపై భూగోళము చుట్టి 2018 మే 21న తిరిగి వచ్చినది. దాని పొడవు సుమారు 55 అడుగులే. ఆరుగురు స్త్రీలలో విశాఖపట్నపు స్వాతియు, హైదరాబాదు ఐశ్వర్యయు మనవారు. త్రోవలో చుక్కాని యంత్రము చెడగా మారిషసులోని పోర్ట్ లూయీ రేవున నిలిపి బాగు చేసికొని మరల సాగిరి. చిన్న ఓడయైనను కట్టుదిట్టముగా నుండి, నడుపువారికి దాని గుట్టు తెలిసియున్నచో మహాసముద్రములను దాటునని ఇది నిదర్శనము.

భీవండిలో మగ్గముల పనికై యువకులు ఒంటరిగా వచ్చి, గదులలో గుంపుగా నుండి, ఇంటికి డబ్బు పంపుట మన మెరిగినదే. వారికి కుటుంబముతో నిలువ నీడయు, పిల్లలకు తెలుగు బడియు అమర్చుట సంఘములవారి పని. ఓడలో నడుమభాగమును కుటుంబములకు విడిచిన ఆ పద్ధతిని మన వాడలలోను పాటింతుము గాక.