పాత ఓడ బేరము

ఎద్దును కొనువాడు పళ్ళు చూచును. నాలుగడుగులు నడిపించి చూచును. కాడి కట్టి చూచిన పిమ్మట గాని రొక్కము లెక్కపెట్టడు. మన కృష్ణాతీరమున ఏ సంతకు పోయినను ఈ పరీక్ష కనబడును. మరి నాలుగైదేండ్లు సముద్రముపై తిరిగి వచ్చిన ఓడను కొనువాడేమి చూడవలెను? మూడువందల యాబదియేండ్ల క్రిందటి బందరు వర్తకునకు ఇది ఊసుపోక వేయు ప్రశ్న కాదు. పొరబడినచో సొమ్ముతోపాటు సరంగును, కళాసులును సముద్రము పాలగుదురు.

ఓడ బేరమున తెలుగువారు క్రొత్తవారు కారు. రెండవ శతాబ్ది చివర ఏలిన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు స్తంభముల ఓడ ముద్ర కలదు. టాలమీ పేర్కొనిన కొంటకొస్సిల మన ఘంటసాలయే యని పండితుల అభిప్రాయము.

అయితే ఓడ నడకలోని తప్పునకు చెల్లింపవలసిన మూల్యమెంతటిదో తెలియవలెనన్న, చీరాలకు చేరువనున్న మోటుపల్లికి పోవలెను. అచ్చట కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనము కలదు. గాలివానకు దారి తప్పి ఒడ్డున పడిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వరాజులు బలిమిని లాగుకొనుచుండిరనియు, తాను కూపశుల్కము తప్ప మరేమియు గైకొననియు ఆ రాజు ప్రకటించెను. ప్రాణముకంటె ధనమే ప్రియమని తలచి సముద్రసాహసమునకు పూనుకొన్నవారని వర్తకులను పేర్కొనిన ఆ శాసనములో జాలియు ఉన్నది, కొంత ఎత్తిపొడుపును ఉన్నదని నాకు తోచును. సుంకము ముప్పదింట ఒక పాలు. కూపమనగా ఇచ్చట నూయి కాదు, ఓడస్తంభము. పన్నుకు స్తంభము పేరే పెట్టిరన్నమాట. ఆ రక్షణ లేని కాలమున చెడ్డ ఓడను కొన్నవాడు మొదట సముద్రమునకు, పిదప రాజునకు, రెండు మారులు దోపిడి యిచ్చుకొనెడివాడు.

ఇక పదునేడవ శతాబ్దికి వత్తము. గోలకొండ సుల్తానుల ఏలుబడిలో మచిలీపట్టణము తూర్పుతీరమునకు తలమానికమైన రేవు. కాని రేవన్న మాటను బట్టి ఓడ ఒడ్డునకు వచ్చి ఆనుకొనుచుండెనని తలంపరాదు. సముద్రము మెరక. పెద్ద ఓడ కొన్ని మైళ్ళ దూరముననే లంగరు దింపెడిది. కెరటములలో బిగువు ఎక్కువై విరిగిపోకుండ, మేకులు లేక కొబ్బరి నారతో పలకలను కుట్టిన మసూలా పడవలపై సరకును, మనుష్యులును ఒడ్డు చేరెడివారు. ఓడను కొనదలచినవానికి ఇచ్చటనే చిక్కు వచ్చెను. తెరచాపలు, స్తంభములు, త్రాళ్ళు పైకి కనబడును. వానికి క్రొత్తరంగు, క్రొత్తగుడ్డ వేయుట సులువు. చూడవలసిన అడుగుభాగము నీటిలోనుండును.

అందుచేతనే నరసాపురమునకు అంత ప్రాముఖ్యము. అది కృష్ణకు ఉత్తరముగా, గోదావరి శాఖయైన వసిష్ఠ యొడ్డున నున్నది. దాని చెంతనున్న మాధవాయపాలెమును ఇంగ్లీషువారు మదపొల్లమనిరి. 1669 మొదలు 1679 వరకు ఈ తీరములలో తిరిగిన థామస్ బౌరీ అను ఇంగ్లీషు నావికవర్తకుడు ఇచ్చటి ఓడల నిర్మాణమును మెచ్చుకొని వ్రాసెను. మంచి కలప, ఇనుము దొరకుననియు, మేకులు, లంగరులు చేయు కమ్మరులును, నేర్పరులైన వడ్రంగులును కలరనియు చెప్పెను. ఓడలు కట్టువారు ఉన్నచోటనే ఓడల రోగము తెలిసినవారును ఉందురు గదా!

దీనికి ముందే ఒక పాత ఓడకు ఇచ్చట చికిత్స జరిగినది. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబు పేటపోలికి, అనగా మన నిజాంపట్టణమునకు, పిదప మచిలీపట్టణమునకు వచ్చెను. అందు వర్తకము నడపినవాడు పీటర్ ఫ్లోరిస్ అను డచ్చివాడు. ఓడ పటానీ, సయాం తీరములు తిరిగి 1613 డిసెంబరులో మరల బందరు చేరునప్పటికి దాదాపు మూడేండ్ల వేడినీరు దాని అడుగును తినివేసెను. మరుసటి సంవత్సరారంభమున బాగుచేయించుటకు దానిని నరసాపురమునకు కొనిపోయిరి. నదీముఖమున అంత నీరుండదని బెదిరించినవారును లేకపోలేదు. ఓడ లోపలికి వచ్చినది. పనులు ముగిసి, ఏడాది చివర బందరునుండి బయలుదేరి, 1615లో స్వదేశము చేరినది.

నదిలోనికి తెచ్చుటలో రెండు లాభములు. ఓడను ఒడ్డున ఒరిగించి అడుగును చూడవచ్చును. ఉప్పునీటిలో బ్రతుకు ఓడపురుగు మంచినీటిలో చచ్చును. ఈ పురుగు కొయ్యలో దూరునపుడు పైన చిన్నరంధ్రమే కనబడును, లోపల పలక తేనెపట్టువలె నుండును. కావున నేర్పరియైన వడ్రంగి కన్నుతో చూచి విడువక, సుత్తితో కొట్టి వినెడివాడు. బోలుధ్వని వచ్చినచో పలక పోయినదే. పలకల సందులలో కూరిన పీచు, గుగ్గిలము, సున్నమునూనెల పూత ఎంత పాతవో చూచెడివాడు. ఓడ అడుగున రాత్రి ఎంత నీరు ఊరెనో ఉదయమున కొలిచి చూచుట మరియొక పరీక్ష. రాగిరేకులు తొడుగుట 1760 ప్రాంతమున ఇంగ్లీషు యుద్ధనౌకలపై మొదలైన విద్య. అంతకుముందు ఈ సంరక్షణయే దిక్కు.

అడుగు గట్టిదైనను ఓడ నడక వేరు సంగతి. ఆకు, నాచు, చిప్పలు పట్టిన అడుగు నీటిని ఈడ్చును, వేగము పోవును. శుభ్రముగ నున్నను వేగమునకు హద్దు కలదు. నీటిమట్టమున ఓడ పొడవును అడుగులలో కొలిచి, దాని వర్గమూలమునకు దానిలో మూడవవంతు కలిపినచో, గంటకు పోగల సముద్రపు మైళ్ళు సుమారుగా వచ్చును. ముప్పదియారు అడుగుల పడవకు ఎనిమిది. ఎనుబదియొక్క అడుగుల ఓడకు పండ్రెండు. ఆ హద్దు దాటవలెనన్న తన అలను తానే ఎక్కవలసివచ్చును. పొట్టి ఓడపై ఎన్ని చాపలు కట్టినను ఫలమంతంత మాత్రమే. ఈ లెక్కకు ఆధారమైన పరిశోధనను విలియం ఫ్రౌడ్ 1870ల నాటికి నమూనా ఓడలపై చేసెను. మన సరంగులకు ఆ గణితము తెలియదు, అనుభవము తెలియును.

పిమ్మట గాలి. అడ్డచాపల ఓడ ఎదురుగాలికి చేరువగా పోజాలదు. పోబోయినచో ప్రక్కకు జారిపోవును. ఎంత జారునో ఓడతో ఒక ఋతువు తిరుగక తెలియదు. అందువలననే మెత్‌వోల్డ్ వ్రాసిన కాలనియమము మనకు అర్థమగును. ఇతడు 1618 మొదలు నాలుగేండ్లు బందరులో నుండెను. పెగూ, ఆచే, తెనసెరిం పోవు ఓడలు సెప్టెంబరులో చాప ఎత్తి ఏప్రిలులో తిరిగివచ్చునని చెప్పెను. ఋతుపవనము మారువరకు కాచుకొనగల వర్తకునకు బరువైన, నెమ్మదియైన ఓడయైనను చాలును. తొందరపడువానికి మంచి ఓడయు చాలదు. ఆగస్టులో కొన్నవాడు సెప్టెంబరులో పంపవలెను గనుక అమ్మువాడు ధర దించడు. మే నెలలో అడిగినవానికి తగ్గింపు దొరకునని ఊహించుట కష్టము కాదు.

తుదకు ఓడకంటె నీరే తీరని చిక్కు తెచ్చెను. 1864 నవంబరు 1వ తేదీన వచ్చిన తుపాను మచిలీపట్టణమును ముంచివేసెను, ముప్పదివేలమంది మరణించిరి. అప్పటికి పొగ ఓడలు వచ్చుచుండెను. వానికి గాలితో పనిలేదు, లోతుతో పని యున్నది. మచిలీపట్టణము చెంత 2023లో పనులు ప్రారంభమైన క్రొత్త రేవునకు కూడ సముద్రగర్భమును త్రవ్వి ఓడలకు దారి చేయుట ముఖ్యమైన పనులలో ఒకటి.