మూడు రోజుల బీరు, తరతరాల పబ్బు

ఈరోజు మన కథ ఇంగ్లండ్‌లోని ఒక పల్లెటూరి పబ్బుది. ముందే చెప్తున్నా, ఇది తాగమని చెప్పే వీడియో కాదు. ఒక చిన్న కుటుంబ వ్యాపారం పెద్ద కంపెనీల కాలాన్ని తట్టుకుని ఎలా నిలబడింది అన్నదే నా ప్రశ్న.

బర్క్‌షైర్‌లో ఆల్డ్‌వర్త్ అని చిన్న ఊరు. అక్కడ బెల్ ఇన్ అనే పబ్బు రెండు వందల ఏళ్ళకు పైగా ఒకే కుటుంబం చేతిలో ఉంది. సినిమాల్లో చూపించే పొడవాటి బార్ కౌంటర్ అక్కడ ఉండదు. అద్దాలున్న ఒక చిన్న కిటికీలోంచే గ్లాసు అందిస్తారు. ఇంత సాదా చోటుకి 1990లో ఒకసారి, 2019కి మళ్ళీ ఇంకోసారి, దేశంలోనే ఉత్తమ పబ్బు అనే గుర్తింపు వచ్చింది. ఇచ్చింది 'కామ్రా', అంటే రియల్ ఏల్ కోసం పోరాడే వినియోగదారుల సంఘం.

రియల్ ఏల్ అంటే ఏంటి? బ్రూవరీ నుంచి బయటికి వచ్చాక కూడా పీపాలో ఈస్ట్ బతికే ఉంటుంది, బీరు ఇంకా పులుస్తూనే ఉంటుంది. బయటి నుంచి గ్యాస్ ఎక్కించరు. మామూలుగా చేతి పంపుతో లాగి పోస్తారు, కొన్నిచోట్ల పీపా నుంచే పడతారు. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే కల్లు గుర్తు తెచ్చుకోండి. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి అదే రుచి ఉండదు కదా! ఇదీ అంతే. పీపా తెరిచాక గాలి తగులుతుంది, దాదాపు మూడు రోజుల్లో అమ్మేయాలి.

నాది ఇంజనీర్ బుర్ర కదా, ఒక లెక్క వేశా. 'ఫర్కిన్' అనే పీపాలో 9 గ్యాలన్లు, అంటే 72 పైంట్లు పడతాయి. మూడు రోజుల్లో అవ్వాలంటే రోజుకి 24 పైంట్లు పోవాలి. నాలుగు రకాలు పెడితే రోజుకి 96. చిన్న ఊళ్ళో ఇది మాటలు కాదు! జనం రాకపోతే మిగిలింది పారబోయాల్సిందే. అంటే ఈ బీరుకి ఊరు కావాలి. రోజూ వచ్చే మనుషులు కావాలి.

పెద్ద కంపెనీలకి ఈ తలనొప్పి నచ్చలేదు. 1960లలో 'కెగ్' బీరు జోరందుకుంది. వడకట్టి, పాశ్చరైజ్ చేసి, కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడితో పోసే బీరు. వారాల తరబడి పాడవదు. అప్పటికి ఆరు పెద్ద బ్రూవరీలదే రాజ్యం. వేల పబ్బులు వాళ్ళవే, కాబట్టి అక్కడ ఏం అమ్మాలో కూడా వాళ్ళే చెప్పేవాళ్ళు.

1971లో నలుగురు కుర్రాళ్ళు ఐర్లండ్‌కి సెలవులకి వెళ్ళి, ఇదేం బీరురా బాబూ అని మాట్లాడుకుంటూ ఒక సంఘం పెట్టేశారు. అదే కామ్రా. జనం కదిలారు, చేతి పంపులు మళ్ళీ వచ్చాయి.

1989లో ప్రభుత్వం 'బీర్ ఆర్డర్స్' తెచ్చింది. రెండు వేల కంటే ఎక్కువ పబ్బులున్న బ్రూవరీలు తమ పట్టు వదులుకోవాలని దాని ఉద్దేశం. కానీ జరిగింది వేరు. బ్రూవరీలు పబ్బుల్ని అమ్మేస్తే, చాలావాటిని 'పబ్‌కో'లనే కొత్త కంపెనీలు కొనేశాయి. యజమాని మారాడు గానీ, అద్దె కట్టి నడిపేవాడి మెడ మీద కాడి అలాగే ఉంది.

బెల్ ఇన్ ప్రత్యేకత నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఆ పబ్బు కుటుంబానిదే, ఏ బ్రూవరీకీ కట్టుబడి లేదు. ఏ పీపా తెప్పించాలో వాళ్ళిష్టం. అమ్మేద్దామని ఎక్కడో ఆఫీసులో కూర్చుని ఎవరూ నిర్ణయించలేరు.

మరి తర్వాతి తరం వద్దంటే? కంబ్రియాలో హెస్కెట్ న్యూమార్కెట్ అనే ఊళ్ళో 2003లో జనమే కోఆపరేటివ్‌గా ఏర్పడి తమ పబ్బు ఓల్డ్ క్రౌన్‌ని కొనుక్కున్నారు. వారసులు లేనప్పుడు ఊరే వారసత్వం తీసుకోవచ్చని దాంతో తేలింది.

అయితే ఓనర్ ఎవరైనా సరే, ఆ లెక్క మారదు. మూడు రోజులు, 72 పైంట్లు. అవార్డు ఏడాదికోసారి వస్తుంది, పీపా మాత్రం ఈ వారమే ఖాళీ అవ్వాలి. మీ ఊళ్ళో కూడా మనుషులు రోజూ వెళ్తేనే బతికే కొట్టో, టీ హోటలో ఉండే ఉంటుంది. దాని కథ కామెంట్లలో రాయండి, చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.