మేడమెట్ల చెంత పలకలు



పాత మేడయిండ్లలో మెట్లు పైకి చేరుచోటనే పలకలు మొదట అరుగును. ఎక్కువారి అడుగును, దిగువారి అడుగును అచ్చటనే పడును. అదియుగాక, మెట్లకు దారి విడుచుటకై అచ్చట దూలములను నడుమ కోసి, వాని కొనలను ఒక అడ్డదూలముపై నిలుపుదురు. బరువంతయు దానిమీదనే చేరును.

నిరుడు మా తాతగారినాటి మేడలో అట్టి పలకలు నాలుగు మెత్తబడినవి. మా అబ్బాయి అన్నిటిని పెరికివేయుద మనెను. వడ్రంగి గట్టిగా నున్న పలక నొకదానిని ఊడదీసి చిత్రిక పట్టగా, నల్లని పైపొర క్రింద బంగారువన్నె టేకు బయటపడెను. అది రంగమునుండి వచ్చిన కర్ర యని తాతగారు చెప్పెడివారు.

1826లో యాందబో సంధివలన బర్మాలోని తెనాసరీము సీమ ఇంగ్లీషు కుంపినీ వశమయ్యెను. సాల్వీను నది సాగరసంగమమున నున్న మౌల్మీను గొప్ప టేకురేవుగా వెలసెను. 1852లో రంగూనును వారికే చిక్కెను. పచ్చిటేకు నీట తేలదు. కావున చెట్టు మొదట చుట్టును లోతుగా గాటుపెట్టి, రెండు మూడేండ్లు నిలువుననే ఎండనిచ్చి నరికెడివారు. పిమ్మట ఏనుగులచే ఏళ్లకు ఈడ్పించి, తెప్పలు కట్టి దించెడివారు. అచ్చటినుండి ఓడలలో ఆ కర్ర మన తీరమునకు వచ్చెడిది. కర్ర వచ్చిన సముద్రముమీదుగనే మనవారు అచ్చటి రంపపుమిల్లులకును, బియ్యపుమిల్లులకును కూలికి పోయెడివారు.

1942 మార్చిలో జపానువారు రంగూనును పట్టుకొనగా ఆ రాకపోకలు తెగిపోయెను. వేలకొలది భారతీయులు కాలినడకన కొండలడవులు దాటి వచ్చిరి. త్రోవలో ఆకలికిని, జ్వరములకును బలియైనవారు అనేకులు. మా తాతగారి తమ్ముడు ఆ మిల్లులకు పోయినవాడే, తిరిగి రాలేదు. ఆయన పటమైనను మా యింట లేదు.

ఈ మాట విని మా అబ్బాయి కొంతసేపు ఊరకుండి, "నాలుగే మార్పింతము" అనెను. వడ్రంగి ముందుగా అడ్డదూలమునకు క్రింద ఊత నిలిపి, ఉలిమొనతో పొడిచి చూచి, అది గట్టిగా నున్నదని తేల్చెను. క్రొత్తపలకలకు చేవకర్రనే యేరుకొంటిమి. తెల్లకర్రను చెదలు విడువవు. తక్కిన పలకలు యథాస్థానముననే యున్నవి.

పెద్దలారా! మీ యిండ్లలో పలకలు మార్చునప్పుడు, చెడినదానిని తీసివేయుడు, మంచిదానిని నిలుపుడు. ఆ కర్ర ఏ సీమనుండి వచ్చినదో, దానికై ఎవరు ఏ సీమకు పోయిరో, మీకు జ్ఞాపకమున్నప్పుడే మనుమలకు చెప్పుడు.