అయిదడుగుల మూడంగుళాల తాత

అప్పలసామి. తండ్రి పైడయ్య. వయసు 22. మగ. జిల్లా వైజాగపటం, తాలూకా చీపురుపల్లి, ఊరు కొత్తవలస. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. ఎడమ మోకాలి మీద పాత దెబ్బ మచ్చ.

ఈ అప్పలసామి నేను కూర్చిన నమూనా మనిషి. కానీ ఇలాంటి వరుసలు నిజంగానే ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో డర్బన్ ఆర్కైవ్స్‌లో, మారిషస్‌లో మోకా ఊరి మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో, ఫిజీ రాజధాని సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో పాత రిజిస్టర్ల నిండా ఉన్నాయి. చెరకు తోటల్లో అయిదేళ్లు పని చేస్తామని ఒప్పందం మీద వేలిముద్ర వేసి ఓడెక్కిన మనవాళ్ల ఆనవాళ్లవి. ఇంగ్లిషు 'అగ్రిమెంట్' కూలీల నోట్లో గిరిమిట్ అయింది, వాళ్లు గిరిమిటియాలయ్యారు.

ఆ వరుస చదివినప్పుడల్లా నా మనసు మోకాలి మచ్చ దగ్గరే ఆగిపోతుంది. ఆ దెబ్బ ఎలా తగిలిందో? తాటిచెట్టు మీంచి జారాడా, నాగలి కర్రు గీరుకుందా, చిన్నప్పుడు చెరువుగట్టు మీద పడ్డాడా? పారిపోతే పట్టుకోవడానికి గుమాస్తా ఆ గుర్తు రాసుకున్నాడు. నూటయాభై ఏళ్ల తర్వాత మునిమనవరాలికి అదే ముత్తాత రూపమైంది.

లెక్కలు కొంచెం చూద్దాం. 1834 నవంబరు 2న 'అట్లాస్' ఓడ 36 మంది కూలీలతో మారిషస్ చేరింది. అలాంటి కూలీలు దిగిన రేవు గుర్తుగా మిగిలిన ఆప్రవాసి ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ 342 మందితో డర్బన్ రేవులో ఆగింది. నటాల్‌కు కూలీలను పంపడం ఆగిపోయిన 1911 నాటికి అక్కడికి చేరినవాళ్లు లక్షా 52 వేలకు పైమాటే. వాళ్లలో ఎక్కువ మంది మద్రాసులో ఓడెక్కినవాళ్లే, అంటే తమిళులు, తెలుగువాళ్లు. ఫిజీకి మొదటి ఓడ 1879లో కలకత్తా నుంచి బయల్దేరింది. మద్రాసు నుంచి కూలీలు వెళ్లడం 1903లో మొదలైంది.

డర్బన్ చుట్టుపక్కల నాయుడు, రెడ్డి అన్న పేర్లున్న కుటుంబాలు ఈనాటికీ ఎన్నో ఉన్నాయి. 1931లో పుట్టిన అక్కడి ఆంధ్ర మహాసభ తెలుగు పాఠాలూ పండగలూ నిలబెడుతూ వచ్చింది. ఆ ఇళ్లలోని పెద్దలు 'మా ఊరేది?' అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు దొరికే దారి గురించే ఈ వ్యాసం.

నటాల్‌లో దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. ఒకటితో మొదలుపెట్టి వరుసగా. పెళ్లి నమోదులో, పిల్లల పుట్టుక నమోదులో, చావు కాగితంలో ఆ నంబరే కనిపిస్తుంది. పేరు గుమాస్తా చెవికి వినిపించినట్టు మారిపోయినా నంబరు మారదు. అందుకే వెతుకులాట చివరి నుంచి మొదలవ్వాలి. ముందు తాత చావు కాగితం సంపాదించాలి, అందులో తల్లిదండ్రుల నంబరు పట్టుకోవాలి, ఆ నంబరుతో ఓడ జాబితాకు వెళ్లాలి. అక్కడ ఊరి పేరు ఉంటుంది. మారిషస్‌లోనూ నంబరు పద్ధతే. పైగా 1860ల నుంచి అక్కడ కూలీలకు ఫొటోలు తీశారు. తెలుగు పల్లెల్లో మామూలు మనిషి ముఖం ఫొటోలోకి ఎక్కని రోజులవి. కూలి కోసం సముద్రం దాటిన మనిషి ముఖం మాత్రం మిగిలింది.

ఊరి పేరు దొరికాకే అసలు చిక్కు మొదలవుతుంది.

ఇంగ్లిషు అక్షరాల్లో ట, త ఒకటే, డ, ద ఒకటే, దీర్ఘం ఉండదు. 'పేట' అని రాశారో 'పెంట' అని రాయబోయారో తేల్చుకోవాలంటే ఆ తాలూకాలోని ఊళ్లన్నీ ముందేసుకోవాలి. సరిగ్గా చదివినా కొత్తవలసలు ఒకటా రెండా! ఉత్తరాంధ్రలో 'వలస' అని ముగిసే ఊళ్లు కోకొల్లలు. ఎవరో ఎక్కడినుంచో వచ్చి గుడిసెలు వేసుకుంటే పుట్టిన ఊళ్లు కదా అవి. ఆ ఊళ్లోంచి మళ్లీ వలస.

ఇంకో తిరకాసు జిల్లా పేరు. దీన్ని కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే ఎందరో ఇక్కడే దారి తప్పుతారు. రిజిస్టర్లో గంజాం అని కనిపించగానే మా పూర్వులు ఒడియావాళ్లన్నమాట అనుకుంటారు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట అన్నీ గంజాం జిల్లాలోవే. శ్రీకాకుళాన్ని ఇంగ్లిషువాళ్లు చికాకోల్ అని రాశారు. శ్రీకాకుళం జిల్లా 1950లో గాని పుట్టలేదు. అలాగే ఉత్తర ఆర్కాటు అని ఉంటే తమిళులని తేల్చేయకూడదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటులోనే ఉండేది. 1859 నుంచి 1904 దాకా గుంటూరు జిల్లా లేదు కాబట్టి ఆ మధ్య వెళ్లిన గుంటూరు మనిషి పక్కన కృష్ణా జిల్లా అని ఉంటుంది. ఒంగోలు మనిషైతే నెల్లూరు. ఓడెక్కిన సంవత్సరం ఏదో చూసి, ఆ ఏడు జిల్లా హద్దులు ఎక్కడున్నాయో చూసి, అప్పుడు ఊరు వెతకాలి.

జాబితాలో ఇంటిపేరు ఉండదు. తెలుగువాడికి ఇంటిపేరే వంశం కదా! గుమాస్తాకు అది అక్కర్లేదు. మనిషి పేరు, తండ్రి పేరు, కులం చాలు. తర్వాతి తరాల్లో తండ్రి పేరో, పేరు చివరి నాయుడో రెడ్డో కుటుంబం మొత్తానికీ పేరైంది. అసలు ఇంటిపేరు కొన్ని ఇళ్లలో పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు, పురోహితుడు గోత్రం అడిగినప్పుడు మాత్రమే ముసలమ్మల నోట వచ్చింది. ఆ ముసలమ్మలు పోయాక చాలా ఇళ్లలో అదీ పోయింది.

అయినా మనిషి పేరులోనే సగం చిరునామా దాగి ఉంటుంది. తెలుగువాళ్లు బిడ్డను దగ్గరి దేవుడి చేతిలో పెట్టి ఆయన పేరు పెట్టుకుంటారు. అప్పన్న, అప్పలసామి, సింహాచలం అని ఉంటే ఆ మనిషి సింహాద్రి అప్పన్న కొండకు మొక్కే ఇంటివాడు. పైడయ్య, పైడితల్లి అంటే విజయనగరం వైపు చూడాలి. నూకయ్య, నూకాలమ్మ అంటే అనకాపల్లి నూకాంబిక. కోటయ్య, కోటమ్మ అయితే నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ, ఓబులేసు అయితే అహోబిలం. ఇది గట్టి రుజువు కాదని ఒప్పుకుంటాను. కానీ మూడు కొత్తవలసల మధ్య తేల్చుకోలేక కూర్చున్నప్పుడు ఇదే దారి చూపుతుంది.

పేర్లు తరం విడిచి తరం తిరిగొస్తాయి. తాత పేరు మనవడికి, నాయనమ్మ పేరు మనవరాలికి. నటాల్‌లో పుట్టిన మగపిల్లవాడి పేరు పైడయ్య అయితే, వైజాగపటంలో వదిలివచ్చిన తండ్రి పేరే అది అయ్యుండాలి. ఓడ జాబితాలోని తండ్రి పేరుతో దాన్ని సరిపోల్చుకోవచ్చు.

రిజిస్టరు ఎప్పుడూ నిజమే చెబుతుందనీ అనుకోకూడదు. అప్పులవాళ్ల నుంచి, అత్తింటి నుంచి, కులపెద్దల తీర్పు నుంచి తప్పించుకుని వచ్చినవాళ్లు సొంత పేరు ఎందుకు చెబుతారు? ముఖ్యంగా ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లు. భర్త పేరు గడి ఖాళీగా ఉన్న ఆ వరుసల ముందు నేను చాలాసేపు కూర్చుంటాను. వాళ్లలో ఒకామె చెప్పిన ఊరు అబద్ధమే అయితే, ఆ అబద్ధం ఆమె ప్రాణం నిలబెట్టింది. మునిమనవలు ఆమెను అలాగే గౌరవించాలి.

వయసుల సంగతీ అంతే. ఇరవై, పాతిక, ముప్పై అంటూ గుండ్రటి అంకెలు. ఇంట్లో ఎవరైనా 'ధాత కరువులో పుట్టాడు' అని చెప్పుకుంటూ వస్తే అది రిజిస్టరు వయసు కంటే గట్టి మాట. మద్రాసు రాజధానిని పీల్చి పిప్పి చేసిన 1876–78 కరువు ధాత సంవత్సరంలో మొదలైంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి ఏ ధాతో మాత్రం చూసుకోవాలి.

రంగం, అంటే రంగూన్, వెళ్లినవాళ్ల వారసులకు ఇంత కాగితం కూడా దక్కలేదు. కాకినాడ, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల నుంచి బర్మాకు వెళ్లింది మేస్త్రీల వెంట. టికెట్ కొనుక్కుని ఓడ డెక్కు మీద కూర్చుని వెళ్లారు. మనిషికో పాసూ మచ్చల వివరమూ లేవు. 1942లో జపాను బాంబులకు అడవుల గుండా నడిచి వచ్చినవాళ్ల జ్ఞాపకాలే వాళ్ల రికార్డు.

ఇక ఇటువైపు, మన ఊళ్లో, ఏం దొరుకుతుంది? నన్ను బాగా కదిలించేది ఇదే. అప్పలసామి ఎత్తు, మచ్చ, ఓడ, తేదీ అన్నీ తెలుస్తాయి. ఊళ్లో ఉండిపోయిన అతని తమ్ముడి గురించి ఒక్క వాక్యం ఉండదు. 1871 నుంచీ జనాభా లెక్కలు తీస్తూనే ఉన్నా, పాత లెక్కల్లో మనుషుల పేర్లున్న కాగితాలు మిగల్లేదు. భూమి రికార్డులు చూద్దామంటే విశాఖ, గంజాం జిల్లాల్లో చాలా భాగం జమీందారీ. అక్కడ రైతు లెక్క జమీందారు ఠాణాలో ఉండేది, సర్కారు దగ్గర కాదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే ఊరూరా సర్వే, సెటిల్‌మెంటు. అప్పటికి అప్పలసామి వెళ్లి అరవై, డెబ్బై ఏళ్లు.

ఒక రికార్డును మాత్రం తప్పక చూడమంటాను. 1858లో మద్రాసు ప్రభుత్వం వేసిన ఇనాం కమిషన్ పనిలోంచి పుట్టిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు. అగ్రహారాల బ్రాహ్మణులే వాటిలో ఉంటారనుకుంటారు. ఊరికి సేవ చేసినందుకు మంగలికి, చాకలికి, కుమ్మరికి, వెట్టివాడికి ఇచ్చిన సేవా మాన్యాలు కూడా వాటిలోకి ఎక్కాయి. పట్టుమని ఎకరం లేనివాడి తాత పేరు అక్కడ దొరికే అవకాశం ఉంది.

అదీ లేనివాళ్లకు నోటి లెక్క ఉంది. మాదిగ వాడలకు డక్కలివాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, కాపు ఇళ్లకు పిచ్చకుంట్లవాళ్లు వచ్చి గోత్రాలూ ఇంటిపేర్లూ చెప్పి, కొందరు పటం విప్పి కుల పురాణం కథ కట్టేవారు. పుచ్చుకునే కట్నాన్ని త్యాగం అనేవారు. ఏ ఊళ్లు ఎవరివో వాళ్ల మధ్య మిరాశీ పంపకం ఉండేది. పట్టాదారు పుస్తకానికి ఎక్కని వంశాలు వాళ్ల నాలుక మీద నిలిచాయి. ఇప్పుడు ఆ కథకులు తగ్గిపోయారు, ఉన్నవాళ్ల పిల్లలు పట్నాల్లో కూలిపనుల్లో ఉన్నారు. మిగిలినవాళ్లను కూర్చోబెట్టి వాళ్లు చెప్పేది రికార్డు చేయడం ఈ ఏడే జరగాలి, వచ్చే ఏడు కాదు.

వెళ్లిన మనిషి కాగితంలో ఉన్నాడు, ఉన్న మనిషి మాటలో ఉన్నాడు. డర్బన్ నుంచి వచ్చిన మునిమనవడి చేతిలో ఊరూ తండ్రి పేరూ ఉంటాయి, ఇంటిపేరు ఉండదు. ఊళ్లో అరుగు మీద కూర్చున్న పెద్దాయనకు ఇంటిపేరు తెలుసు, 'మా తాత అన్న ఒకాయన దేశాలు పట్టిపోయాడట' అన్న మాటా తెలుసు. ఎక్కడికి పోయాడో తెలియదు. ఆయన్ని అడగాల్సినవి రెండే ప్రశ్నలు. ఆ పోయినాయన పేరేంటి తాతా? ఆ పేరు మీ ఇంట్లో మళ్లీ ఎవరికి పెట్టారు?