తాబేలు వయసు రాశారు, వైద్యుడి పేరు రాయలేదు

1772 ప్రాంతంలో సూరత్‌లోని జంతువుల ఆసుపత్రికి వెళ్లిన జేమ్స్ ఫోర్బ్స్‌కి అక్కడ ఒక ముసలి తాబేలు కనబడింది. అది ఆ ఆవరణలోకి వచ్చి 75 ఏళ్లయిందని అందరికీ తెలుసట. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న ఫోర్బ్స్ ఆ సంగతిని తన ‘ఓరియంటల్ మెమోయిర్స్’లో పదిలంగా రాసిపెట్టాడు. గుర్రాలు, కంచర గాడిదలు, ఎద్దులు, గొర్రెలు, మేకలు, కోతులు, కోళ్లు, పావురాలు అన్నీ ఆయన జాబితాలో ఉన్నాయి. ఆ పావురం రెక్కకి కట్టు కట్టింది ఎవరో, ఆ ఎద్దు పుండు కడిగింది ఎవరో మాత్రం లేదు.

తాబేలు లెక్క నిజమైతే అది 1700కి ముందే ఆసుపత్రికి చేరి ఉండాలి. పొసగని మాటేమీ కాదు. 1689లో సూరత్ వచ్చిన జాన్ ఓవింగ్టన్ అనే ఇంగ్లిషు మతగురువు కూడా ఊరికి మైలు దూరంలో బనియా వర్తకులు నడిపే పెద్ద ఆసుపత్రి ఉందని, అందులో కుంటివీ రోగిష్ఠివీ ముసలివీ అయిన ఆవులు, గుర్రాలు, మేకలు, కుక్కలు ఉంటాయని రాశాడు. అప్పటికి సూరత్ మొగలాయి సామ్రాజ్యానికి ప్రధాన రేవు. హజ్ యాత్రికుల ఓడలు ఇక్కడి నుంచే బయల్దేరేవి. అంత వ్యాపారం చేసే ఊళ్లో జైన, వైష్ణవ వర్తకుల మహాజనం సరుకుల లావాదేవీల మీద ‘లాగో’ అనే చిన్న రుసుము వసూలు చేసి పాంజరాపోళ్లను, అంటే జంతువుల ఆశ్రయాలను, పోషించేది. జీవదయ ఇక్కడ పండగరోజు చేసే దానధర్మంగా మిగిలిపోలేదు. వ్యాపారం లెక్కల్లో దానికి ఒక పద్దు ఉండేది.

ఆసుపత్రి నియమాలు ఇప్పుడు చదివినా మనసును పట్టుకుంటాయి. కాలు విరిగిన జంతువును యజమాని తీసుకొస్తే అతనిది ఏ కులం, ఏ దేశం అని అడిగేవారు కాదు. చేర్చుకున్నాక మాత్రం తిరిగి ఇచ్చేవారు కాదు. కోలుకున్న జంతువు జీవితాంతం అక్కడే ఉండి, లేవలేని తోటి రోగుల కోసం నీళ్లు తోడాలి. ఇంత ఆలోచించి నియమం పెట్టినవాళ్లకి రోగం తెలుసు, మనిషి స్వభావమూ తెలుసు. బాగుపడ్డ ఎద్దును మళ్లీ బండికి కట్టి చంపేస్తారని వాళ్లు ముందే కనిపెట్టారు.

యాత్రికులందర్నీ నిలబెట్టేసింది పురుగుల గది. ఎలుకలు, నల్లులు, పేలకి కూడా అక్కడ చోటుండేది. కొన్ని రాత్రులు ఒక బిచ్చగాడికి డబ్బిచ్చి, కదలకుండా నల్లులకీ పేలకీ ఆహారమయ్యేలా పడుకోబెట్టేవారని ఓవింగ్టన్, ఫోర్బ్స్ ఇద్దరూ రాశారు. తర్వాత మరో యాత్రికుడు అలెగ్జాండర్ బర్న్స్ ఇదే ఆసుపత్రి మీద రాసిన వ్యాసం 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. జనం తెచ్చి పోసే ధాన్యంలో పురుగులు కుప్పలుగా బతుకుతున్న ఒక అటకను ఆయన వర్ణించాడు. విదేశీ పాఠకుడికి ఇది వింత. ఆ వింత ముందుకొచ్చేసరికి రోజూ గడ్డి వేసి, పేడ ఎత్తి, ఈగలు తోలిన పనివాళ్లు పుస్తకాల్లోంచి జారిపోయారు.

పశువుకీ వైద్యం కావాలన్న ఆలోచన తెలుగు నేలకి కొత్త కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద, గుజరాత్‌లోని గిర్నార్ కొండ మీద క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాల్లో రెండోది ఈ మాటే చెబుతుంది: మనుషులకీ పశువులకీ చికిత్స ఏర్పాటు చేశామని, మందు మొక్కలు లేనిచోట తెప్పించి నాటించామని.

ప్రపంచంలో మొదటి పశువైద్య కళాశాల పుట్టింది సూరత్‌లాగే పట్టుకి పేరుపడ్డ ఫ్రాన్సు నగరం లియోన్‌లో. క్లాడ్ బూర్జెలా దానికి 1761లో రాజు అనుమతి సంపాదించాడు. అప్పటికే సూరత్ ఆసుపత్రికి తక్కువలో తక్కువ 70 ఏళ్లు. అయితే ఒక తేడా చెప్పుకోవాలి. సూరత్‌లో ఆశ్రయం ఉంది, ఓర్పు ఉంది. శరీరాన్ని కోసి చూసి నేర్చుకునే శాస్త్రం లేదు. అది పశ్చిమ భారతంలో 1886లో బొంబాయి వెటర్నరీ కాలేజీతో వేళ్లూనుకుంది. ఆ కాలేజీ పెరిగింది పరేల్‌లోని బాయి సకర్‌బాయి దిన్‌షా పెటిట్ జంతువుల ఆసుపత్రి ఆవరణలో. పెటిట్ కుటుంబం పూర్వం సూరత్ నుంచి బొంబాయికి వలసపోయినదే. అంతకు ముందు 1832లో వీధికుక్కల్ని చంపడం మీద బొంబాయిలో పార్సీలు తిరగబడ్డారు. రెండేళ్లకి అక్కడ పాంజరాపోళ్ పెట్టించిన జంషెట్‌జీ జీజీభాయ్ సూరత్ పక్కన నవసారిలో పెరిగినవాడు.

కొత్త చదువుకీ పాత నమ్మకానికీ ఘర్షణ తప్పలేదు. ప్రాణం దాని గడువు వరకు ఉండాల్సిందే అంటుంది పాంజరాపోళ్. బాధ తీర్చలేనప్పుడు ఇంజెక్షనుతో ముగించడం కూడా దయే అంటుంది వైద్యం. 1928లో సబర్మతి ఆశ్రమంలో కోలుకోలేని దూడకి గాంధీ ఆ ఇంజెక్షను ఇప్పించి, సంగతి తన పత్రిక ‘నవజీవన్’లో రాసినప్పుడు గుజరాత్ అంతా అట్టుడికింది. ఆ ప్రశ్న ఇప్పటికీ పశువైద్యుడి బల్ల దగ్గరే నిలబడి ఉంది. పదేళ్లు పెంచిన కుక్కను ఒళ్లో పెట్టుకుని వచ్చిన కుటుంబానికి ఏం చెప్పాలో ఏ పాఠ్యపుస్తకమూ పూర్తిగా నేర్పదు.

పాత కాలేజీల దృష్టంతా సైన్యం గుర్రాల మీద, రైతు పశువుల మీద ఉండేది. కుక్క, పిల్లి, పావురం వైద్యుడి ప్రధాన రోగులు కావడం చాలా తర్వాతి మాట. ఆ వైద్యుడి పనిని చూడాలంటే సూరత్‌లో జనవరి 14 చాలు. ఉత్తరాయణం నాడు ఊరంతా డాబాలెక్కి ఊంధియు అనే కూర, జిలేబీ తింటూ గాలిపటాలు ఎగరేస్తుంది. గాజుపొడి పూసిన సూరతీ మాంజాకి గుజరాత్ అంతటా గిరాకీ. ఆ దారమే పావురాల, కొంగల రెక్కల్ని కండ దాకా కోస్తుంది. రెక్క ముందు అంచున ఉండే పల్చటి చర్మపు మడత తెగితే పక్షి మళ్లీ ఎగరడం కష్టం. గాయం కడగాలి, రక్తం ఆపాలి, సన్నటి దారంతో పొరపొరా కుట్టాలి, వణికే పక్షిని వెచ్చగా ఉంచాలి. ఇంటిల్లిపాదీ డాబా మీద ఉండే ఆ రోజు వైద్యుడు గాయపడ్డ పక్షుల శిబిరంలో ఉంటాడు. పండగపూట తండ్రిని వదులుకునే అతని పిల్లలకి కూడా ఈ సేవలో వాటా ఉంది.

తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చి లింబాయత్ వైపు స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకి అదే రోజు సంక్రాంతి. గాయపడ్డ జంతువు కోసం వాళ్లు సూరత్‌లో తిప్పే 1962 ఫోన్ నంబరే తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ పనిచేస్తుంది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాన్ మాంజాను నిషేధించింది. అదే ఏడాది గుజరాత్ ప్రభుత్వం పండగరోజుల్లో పక్షుల వైద్యానికి ‘కరుణా అభియాన్’ మొదలుపెట్టింది. పక్షులు గూళ్లు వదిలే తెల్లవారుజామున, తిరిగొచ్చే సాయంత్రం వేళ గాలిపటాలు దించమని ప్రతి ఏడూ విజ్ఞప్తి చేస్తారు. మధ్యాహ్నమంతా ఎగరేసుకోవచ్చు. ఆ రెండు పూటలూ దారం చుట్టేస్తే శిబిరానికి వచ్చే పక్షులు తగ్గుతాయి.