టికెట్టు మీద లేని రూలు

నేను బుకింగ్ క్లర్కుగా చేరేనాటికి కౌంటరు వెనక ఓ చెక్క బీరువా ఉండేది. దాని అరల్లో ఒక్కో ఊరికీ ఒక్కో వరస అట్ట టికెట్లు. ఒకటి లాగి, తేదీ మిషన్లో టక్కుమనిపించి, చిల్లరతో కలిపి ఇచ్చేవాళ్లం.

ఆ అట్ట ముక్క ఇంగ్లండులో న్యూకాజిల్-కార్లైల్ లైనులో పనిచేసిన థామస్ ఎడ్మండ్సన్ బుర్రలో పుట్టింది, 1830లలో. అంతకుముందు చేత్తో రాసిచ్చేవారు. గుమస్తా ఎంత జేబులో వేసుకున్నాడో కంపెనీకి తెలిసేది కాదు. వరస నంబర్లు అచ్చేస్తే సాయంత్రానికి లెక్క తేలిపోతుంది. గుమస్తాని కనిపెట్టుకు ఉండే అట్ట అది, ప్రయాణికుడికి రూల్సు చెప్పే చోటు దాని మీద ఎక్కడిది?

రూల్సన్నీ కోచింగ్ టారిఫ్ పుస్తకంలో ఉండేవి. అట్ట లేని ఊరు అడిగితే బీపీటీ, అంటే చేత్తో నింపే ఖాళీ కాగితం టికెట్టు, రాయాలి. దూరాల పట్టిక తిరగేసి, ఛార్జీ కట్టి, 'వయా' రాయాలి. ఆ వయాలోనే తంటా అంతా. బెజవాడ నుంచి బొంబాయికి సికింద్రాబాదు మీదుగా వెళ్లొచ్చు, గుంతకల్లు మీదుగానూ వెళ్లొచ్చు. రెండూ వాడి జంక్షన్లో కలుస్తాయి. టికెట్టు మీద సికింద్రాబాదు అని ఉన్నవాడు గుంతకల్లులో దొరికితే టీసీ ఊరుకోడు.

కాశీ వెళ్లే పెద్దవాళ్లు అడిగేవారు: "ప్రయాగలో దిగి మునకేసి, ఇదే టికెట్టు మీద మళ్లీ ఎక్కొచ్చా బాబూ?"

"ఎక్కొచ్చమ్మా. దిగ్గానే స్టేషన్ మాస్టరు చేత టికెట్టు మీద రాయించుకోండి."

దాన్నే బ్రేక్ జర్నీ అంటారు. 500 కిలోమీటర్లు దాటిన టికెట్టుకి ఒకసారి, 1000 దాటితే రెండుసార్లు. మొదటిసారి దిగడం 500 కిలోమీటర్లు వెళ్లాకే. దిగిన రోజు, ఎక్కే రోజు కాక రెండు రోజులు ఉండొచ్చు. రాజధాని, శతాబ్దిల్లో కుదరదు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు ధర తగ్గుతుంది కనక, రెండు టికెట్లు కొనడం కన్నా ఇదే లాభం.

1994లో సికింద్రాబాదులో మొదలైన కాన్సర్ట్ అనే కంప్యూటర్ టికెట్ల వ్యవస్థ దేశమంతా పాకాక దూరం, ఛార్జీ మిషనే కట్టేస్తోంది. మంచిదే, క్యూలు తగ్గాయి. కాని పట్టిక తిరగేసే పని పోవడంతో రూలు నోటికి వచ్చే అవసరమూ పోయింది. ఇప్పుడు బ్రేక్ జర్నీ అంటే కౌంటర్లో ఒకరు అవునంటారు, గేటు దగ్గర ఇంకొకరు కాదంటారు. ఇందులో కుర్రాళ్ల తప్పేమీ లేదు. వాళ్లని ఆ మాట అడిగేవాళ్లే అరుదు.

మీరు అడగండి. టికెట్టు కొనేటప్పుడే చెప్పండి. మధ్యలో దిగితే, గేటు దాటకముందే సంతకం, తేదీ వేయించుకోండి.